ఖాళీ గిన్నెల రిజిస్టరు

ఆ రోజుల్లో, అంటే మరీ మా తాతల నాటి సంగతేం కాదు, సీలేరు పవర్‌హౌస్ క్వార్టర్ల కాలనీలో అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసి, సిగ్నల్ మాత్రం ఇంకా ఘాట్ రోడ్డు ఎక్కలేక అవస్థ పడుతున్న రోజుల్లో, నాకొక జబ్బు ఉండేది. ఏ పనికైనా సరే గళ్ళు గీసి, నెంబర్లు వేసి, అయిపోయాక టిక్కు పెట్టకపోతే నాకు తిన్న అన్నం అరిగేది కాదు. వయసు మీద పడ్డాక కొంచెం నయమైంది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ డిసెంబరు వచ్చిందంటే మా ఫ్రిజ్ తలుపు కాగితాల చాటున కనపడదు. ఏడాది చివర పండగ పనులు కంగారు లేకుండా ఎలా చేసుకోవాలో చెప్పే వీడియోలన్నీ వరసపెట్టి చూస్తాను. వాటిల్లో అందరూ ముందుగా చెప్పే మాట ఒకటే: ఇంట్లో మీది కానిదీ, మీకు అక్కర్లేనిదీ బయటికి పంపేయండి, మనసు తేలికవుతుంది అని. ఆ మాట వినగానే నాకు నవ్వొస్తుంది. ఆ ప్రయోగం నేను ఇరవైమూడేళ్ళ వయసులోనే చేసేశాను. మనసు తేలికవడం సంగతి దేవుడెరుగు, కాలనీకి కాలనీ మా పెద్దమ్మతో మాటలు మానేసింది.

ఈ జబ్బు నాకు హాస్టల్లో అంటుకుంది. ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. నాన్న పని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగే మనిషి, అందుకని నన్ను మిషన్ హాస్టల్లో వేశారు. అక్కడ నా కంచం నెంబరు నలభైమూడు. గ్లాసు నలభైమూడు, మంచం నలభైమూడు, గోడకున్న మేకు నలభైమూడు. ఖాళీ కంచం తీసుకెళ్ళి, తిని, కడిగి, మళ్ళీ ఖాళీ కంచం దాని గూట్లో పెట్టేయాలి. పక్క పిల్ల కంచం మన గూట్లో ఉంటే వార్డెనమ్మ వీపు విమానం మోత. పదిహేనేళ్ళు అలా బతికాక లోకమంతా గూళ్ళే అనుకోవడం నా తప్పు కాదు కదా. సెలవులకి మాత్రం సీలేరులో మా పెద్దమ్మ (అమ్మకి అక్క) దగ్గరికి వచ్చేదాన్ని. ఆ కాలనీలో సాయంత్రమయ్యేసరికి గిన్నెలు ఈ క్వార్టరు నుంచి ఆ క్వార్టరుకి తిరుగుతూ ఉండేవి. నేనూ చూశాను, నేనూ మోశాను. కాకపోతే నా ధ్యాసంతా గిన్నెలో ఏముందా అన్నదాని మీదే తప్ప గిన్నె మీద ఉండేది కాదు.

నాకు పాడేరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం వచ్చిన ఏడాదే, ఆ డిసెంబరాఖరుకి పెద్దనాన్న రిటైరవుతున్నాడు. పవర్‌హౌస్‌లో ఇరవైయెనిమిదేళ్ళు పనిచేశాడాయన. టర్బైన్ల హోరులో పనిచేసీ చేసీ మాటలు తగ్గించేసి, తలకాయతోనే అన్నీ చెప్పడం అలవాటు చేసుకున్నాడు. కొత్త సంవత్సరం లోపల క్వార్టరు ఖాళీ చేసి నర్సీపట్నం దగ్గర వాళ్ళ ఊరికి దిగిపోవాలి. అది గాక క్రిస్మస్. క్రిస్మస్ అంటే మా పెద్దమ్మకి చర్చి, కొత్త చీర, స్టారు, ఇవన్నీ తరవాత, ముందు అరిసెలు. ఏటా పదిహేను కేజీల బియ్యం నానబోసేది. రెండు రోజులు నీళ్ళు మార్చి, మూడో రోజు పొద్దున్నే క్వార్టర్ల లైన్లలోని ఆడవాళ్ళందరూ రోకళ్ళూ జల్లెళ్ళూ పట్టుకుని మా పెరట్లో రోటి దగ్గరికి వచ్చేవారు. దంచేవాళ్ళు దంచుతుంటే, జల్లించేవాళ్ళు జల్లిస్తుంటే, ఆ తడిపిండి ఆరకముందే పెద్దమ్మ పాకం పట్టేది. ఇంటికి ఇరవై చొప్పున, క్రైస్తవులా హిందువులా అని చూడకుండా అందరికీ వెళ్ళేవి. కాలనీలో ఇదే తన ఆఖరి క్రిస్మస్ కాబట్టి ఈసారి ఒక్క గడప కూడా తప్పకూడదని పెద్దమ్మ పట్టుదల. ఒక పక్క మూటలు, ఒక పక్క అరిసెలు తలుచుకుని తలుచుకుని బీపీ తెచ్చుకుంది. డిస్పెన్సరీ డాక్టరుగారు మాత్ర రాసిచ్చి, "టెన్షన్ తగ్గించుకోవాలమ్మా, పనులు ఎవరికైనా అప్పగించండి" అన్నారట.

ఆ 'ఎవరికైనా' అన్నది నేనే. ఆఫీసులో అప్పుడే రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి, పనులు ప్రణాళికగా చేసుకోవడం మీద ఒక పుస్తకమూ, నాలుగు రంగుల పెన్నులూ ఇచ్చారు. వాటిని ఎవరి మీద ప్రయోగించాలా అని చూస్తున్నాను. వారం సెలవు పెట్టి బస్సెక్కేశాను. దిగీ దిగగానే, "పెద్దమ్మా, నువ్వు కుర్చీలో కూర్చో. అన్నీ నేను చూసుకుంటాను" అన్నాను. పెద్దమ్మ నా పెన్నుల వంక చూసి, "అన్నీ అంటే ఏటే" అంది అనుమానంగా. ఆ అనుమానాన్ని నేను ఖాతరు చేయలేదు.

రెండు రోజుల్లో ఇల్లంతా అట్టపెట్టెల్లోకి సర్దేశాను. ప్రతి పెట్టెకీ నెంబరు, రిజిస్టర్లో దాని ఎదురుగా లోపల ఏముందో వివరం. పెద్దనాన్న గడ్డం గీసుకునే సామాను పెట్టె నాలుగు. బైబిలూ కళ్ళజోళ్ళూ పెట్టె ఏడు. మందులు పెట్టె తొమ్మిది. (ఈ తొమ్మిది గుర్తుంచుకోండి.) అన్నీ అయ్యాక వంటింటి అటక దగ్గరికొచ్చేసరికి నా కళ్ళు తిరిగాయి. అటక మీద గిన్నెలూ డబ్బాలూ టిఫిన్లూ గుట్టగా ఉన్నాయి. స్టీలు గిన్నెల మీద షాపువాడు చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టిస్తాడు కదా, ఒక్కొక్కటే తిప్పి చూస్తే ఒక్కదాని మీదా మా పెద్దమ్మ పేరు లేదు. ఎదురింటి అత్త పేరు రెండింటి మీద, మూడో లైను మామ్మ పేరు ఒకదాని మీద, ఎవరిదో పెళ్ళి కానుక ఒకటి, ఎవరి బాబుదో అన్నప్రాసన గ్లాసు ఒకటి. మూడు గిన్నెలైతే ఎప్పుడో బదిలీ మీద వెళ్ళిపోయినవాళ్ళవి. లెక్కపెడితే మొత్తం ముప్ఫయ్యొకటి. "మరి మనవేవి పెద్దమ్మా?" అన్నాను. "ఉంటాయే, ఆళ్ళ ఆళ్ళ ఇళ్ళల్లో" అంది, వానలు శ్రావణంలో పడతాయి అన్నంత మామూలుగా. నలభైమూడో నెంబరు పిల్లకి ఆ మాట ఎలా వినపడి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇరవైయెనిమిదేళ్ళుగా ఒక్క కంచమూ తన గూట్లో లేదన్నమాట.

మర్నాడు పెద్దమ్మ బియ్యానికి నీళ్ళు మార్చి చర్చిలో క్రిస్మస్ పాటల రిహార్సల్‌కి వెళ్ళగానే నేను పని మొదలుపెట్టాను. ముప్ఫయ్యొక్క గిన్నెలూ తోమి, తుడిచి, ఎండలో ఆరబెట్టి, తళతళలాడించి, పక్కింటివాళ్ళ దగ్గర సిమెంటు మోసే ఒంటిచక్రం బండి ఉంటే అడిగి తెచ్చుకుని అందులో పేర్చుకున్నాను. ఆ బండి కాలనీ రోడ్డు గతుకుల మీద చేసిన మోతకి స్టీలు సామాన్లవాడు వచ్చాడనుకుని ఇద్దరు ఆడవాళ్ళు పాత చీరలు పట్టుకుని బయటికొచ్చారు. ప్రతి గడప దగ్గరా ఆగి, "మీ గిన్నె అత్తా, ఖాళీగానే ఉంది, చూసుకోండి. మా గిన్నె ఉంటే ఇచ్చేయండి. ఇక్కడో సంతకం" అనేదాన్ని. (అవును, 'అందినది' అని గడి గీసి సంతకాలు కూడా తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది.) కొందరు "రేపిత్తాం లేమ్మా" అన్నారు. "అక్కర్లేదు పిన్నీ, ఖాళీదే ఇచ్చేయండి, లారీ వస్తోంది" అన్నాను. మూడో లైను మామ్మ దగ్గరున్న మా డబ్బాలో రాజ్మా గింజలు ఉన్నాయి. "ఇప్పుడే కావాలేటి గుంటా" అంటే, "ఇప్పుడైతే నాకు టిక్కయిపోతుంది మామ్మా" అన్నాను. ఆవిడ ఆ గింజలు కొంగులో వంపుకుని, ఒక చేత్తో కొంగు పట్టుకుని, రెండో చేతి బొటనవేలు నా స్టాంపు ప్యాడ్ మీద అద్ది ముద్ర వేసింది. "ఇదేటి, రేసను కార్డా" అని ఒక్క మాట అడిగింది, అంతే. ఎదురింటి అత్త మాత్రం తన రెండు గిన్నెల్లోకీ తొంగి చూసింది, నా మొహంలోకి చూసింది, సంతకం పెట్టి తలుపేసుకుంది. నేను ఆవిడ పేరు ఎదురుగా ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెట్టుకున్నాను. మధ్యాహ్నానికల్లా ముప్ఫయ్యొక్క గిన్నెల్లో పైఊళ్ళ వాళ్ళవి మూడు పోను తక్కినవన్నీ ఇచ్చేసి, మావి ఇరవైఏడు తెచ్చేసుకున్నాను. పెట్టె పదిహేడులో సర్ది టేపు వేశాను. జీవితంలో అంత తృప్తిగా నేనెప్పుడూ అన్నం తినలేదు.

బియ్యం నానబోసిన మూడో రోజు పొద్దున్న, అంటే క్రిస్మస్‌కి ఇంక రెండు రోజులుందనగా, పెద్దమ్మ నానిన బియ్యం వడగట్టి, రోలు కడిగి, ముగ్గేసి, పొయ్యి రాజేసి కూర్చుంది. ఎనిమిదయింది. మంచు విడిపోయింది. తొమ్మిదయింది. ఎండ రోటి మీదికి వచ్చింది గానీ రోకలి పట్టుకుని ఒక్క మనిషీ రాలేదు. పక్క క్వార్టరావిడ పెరట్లో బట్టలు ఆరేస్తూ పెద్దమ్మని చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. పదిన్నరకి పెద్దమ్మ బియ్యంలో చెయ్యి పెట్టి చూసుకుంది. తడి ఆరిపోతే పిండి పలుకైపోతుంది, అరిసె విరిగిపోతుంది. మళ్ళీ తడిపి అట్టేపెడితే పులిసిపోతుంది. పదిహేను కేజీలు మేమిద్దరం దంచేటప్పటికి ఈస్టరు వచ్చేస్తుంది. "ఎదురింటత్తని పిలుచుకురావే. ఒంట్లో బాగులేదేటో" అంది పెద్దమ్మ.

వెళ్ళాను. ఎదురింటి అత్త మెష్ తలుపు తియ్యకుండానే లోపల్నుంచి మాట్లాడింది. "మేమెందుకమ్మా ఇంక? ఒట్టి గిన్నెలు సేతిలో ఎట్టీసి, సంతకాలెట్టించుకుని ఎల్లిపోనావు కదా. మీ సామాను మీకొచ్చీసినాది, మాది మాకొచ్చీసినాది. ఇరవైయేళ్ళు ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఒక్కనాడు ఒట్టి గిన్నె నడిసినేదు. ఎల్లిపోయినోళ్ళు ఎల్లిపోతారు, మాం కాదంటామా? మాతోటి ఇంక పన్నేదని సెప్పడానికి మీ పెద్దమ్మకి నోరు నేదా, నిన్నంపాలా?" నేను తడబడుతూ, "అత్తా, పెద్దమ్మకి టెన్షన్ తగ్గుతుందని..." అన్నాను. "తగ్గిందా?" అంది అత్త.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమ్మ రోటి పక్కన అలాగే కూర్చుండిపోయింది. "ఒట్టివి ఇచ్చావా?" అంది. "కడిగి, తుడిచి, ఎండబెట్టి ఇచ్చాను పెద్దమ్మా" అన్నాను, అదేదో ఇంకా ఘనకార్యంలాగా. పెద్దమ్మ మొహం ఎర్రబడిపోయి చెమటలు పట్టాయి. పెద్దనాన్న గబగబా లోపలికెళ్ళాడు మాత్ర కోసం. మాత్ర పెట్టె తొమ్మిదిలో ఉంది. పెట్టె తొమ్మిది మీద పద్నాలుగు, దాని మీద పదహారు, వాటికి అడ్డంగా బీరువా. ఆయన రిజిస్టరు తెరిచి వేలు పెట్టి వెతుకుతుంటే చూసి నాకు మొట్టమొదటిసారి భయమేసింది. ఏడుపొచ్చేసింది. నలుగురిలో తప్పు చేసి నిలబడ్డం నాకు అలవాటే, హాస్టల్లో చాలాసార్లు నిలబడ్డాను. కానీ నా వల్ల ఒకరి పండగ పోవడం అదే మొదలు. అదీ ఈ లోకంలో నాకంటూ ఉన్న ఒక్క మనిషిది.

మాత్ర పడ్డాక కాసేపటికి పెద్దమ్మ తేరుకుంది. తిట్టలేదు. తిట్టినా బాగుండును. "నీకెవరు సెప్పారు గనకే, పిచ్చి గుంటా. తప్పు నాది" అని నా మొహం కొంగుతో తుడిచింది. "మన గిన్నె ఇంకోళ్ళింట్లో ఉందనుకో, ఆళ్ళు మనింటికి రాడానికి ఒక వంక ఉన్నట్టు. ఆళ్ళది మన దగ్గరుంటే మనం ఎల్డానికి వంక. అన్నీ ఎవరివి ఆళ్ళకి ఇచ్చీస్తే ఇంకెందుకొత్తారు, ఎందుకెల్తాం?" తరవాత లేచి, "ఆ పదిహేడో పెట్టె విప్పు" అంది.

ఇంట్లో ఇవ్వడానికి వండిందేదీ లేదు, వంటిల్లంతా అట్టపెట్టెల్లో ఉంది. ఉన్నదల్లా అరిసెల కోసం తెప్పించిన అనకాపల్లి బెల్లం దిమ్మ. పెద్దమ్మ పచ్చడిబండ తీసుకుని దాన్ని ముక్కలు కొట్టడం మొదలుపెట్టింది. ఇరవైఏడు గిన్నెల్లోనూ ముక్కో ముక్కా వేసేసరికి గోనెపట్టా మీద పొడి తప్ప ఏం మిగల్లేదు. "మరి పాకానికి?" అన్నాను. "ముందు నువ్వెల్లు. గిన్నె సేతికిచ్చి, పెద్దమ్మ పంపింది, గిన్నె మీ దగ్గరే ఉంచమంది అను. ఇంకో మాట మాటాడకు. ఆ పుస్తకం మాత్రం ఇంట్లో ఎట్టెల్లు" అంది. మళ్ళీ ఆ ఒంటిచక్రం బండి, మళ్ళీ ఆ మోత. ఈసారి పాత చీరలతో ఎవరూ రాలేదు గానీ కిటికీల్లోంచి చూస్తున్నారని వీపుకి తెలుస్తూనే ఉంది. చెప్పమన్న మాటే చెప్పుకుంటూ పోయాను. మూడో లైను మామ్మ మా డబ్బా తీసుకుని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నా ఎదురుగానే రాజ్మా గింజలు మళ్ళీ అందులో పోసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎదురింటి అత్త దగ్గరికి ఆఖర్న వెళ్ళాను. ఈసారి మెష్ తలుపు తీసింది. గిన్నెలో బెల్లం వంక చూసింది, బండిలో ఏమీ లేకపోవడం చూసింది. "ఎన్నిళ్ళకి పంచినావు?" "ఇరవైఏడు అత్తా." "దిమ్మంతా పంచీసిందేటి మీ పెద్దమ్మ? మరి అరిసెలకేటెట్టి పాకం పడతాదంట?" "తెలీదత్తా." "తెలీదంట. రిజిస్టర్లో రాసుకోనేదా?" అంటూనే ఆవిడ తలుపు వెనకాల్నుంచి రోకలి తీసింది. మా గిన్నె తన గూట్లో పెట్టుకుంది, బెల్లం ముక్క మాత్రం తన గిన్నెలోకి మార్చుకుంది. రోడ్డు మీదికొచ్చి, "బేగి రండే, బియ్యం ఆరిపోతన్నాయంట" అని ఒక్క కేక వేసింది. ఆ గొంతు ముందు పవర్‌హౌస్ సైరన్ ఎంత.

ఒకరి వెనక ఒకరు వచ్చారు. అందరి చేతుల్లోనూ గిన్నెలే. మా గిన్నెలు వాళ్ళిళ్ళల్లో ఉంచేసుకుని, నేను ముందురోజు తళతళా తోమి ఇచ్చిన వాళ్ళ గిన్నెల్లో మా బెల్లమే వేసి పట్టుకొచ్చారు. కొందరు దానికి తోడు ఇంకో ముక్క వేశారు, నువ్వులు వేసినవాళ్ళు, నెయ్యి పోసినవాళ్ళు. బెల్లమంతా మళ్ళీ ఒక గుట్టయింది, దిమ్మ కంటే పెద్ద గుట్ట. రోకళ్ళు లేచాయి. పెద్దమ్మ పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూస్తూ, "ఇంకో పొంగు" అంటుంటే ఆవిడ మొహంలో ఉదయం చూసిన మనిషి లేదు. నేను జల్లెడ పడుతూ చూస్తే వంటింటి గట్టు మీద మళ్ళీ ఇరవైకి పైగా పరాయి గిన్నెలు. చెయ్యి ఊరుకోక, "వీటిని రాసుకోనా" అని మెల్లిగా అడిగాను. పెరడంతా పగలబడి నవ్వింది. ఆ క్షణం నుంచి నా పేరు రిజిస్టరు గుంట. పొద్దు వాలేలోపల అరిసెలన్నీ అయిపోయాయి, అవే గిన్నెల్లో పడి ఎవరిళ్ళకి వాళ్ళతో వెళ్ళాయి. మర్నాడు డాక్టరుగారు బీపీ చూసి, బాగా తగ్గింది, ఏం చేశారమ్మా అని అడిగితే పెద్దమ్మ చాలా గంభీరంగా, "గిన్నెలు తిప్పామండి" అంది.

లారీ వచ్చిన రోజున ఇంటింటి నుంచీ మళ్ళీ గిన్నెలు వచ్చాయి. జంతికలు, పులిహోర, చేగోడీలు. పెద్దమ్మ ఒక్కదాన్నీ ఖాళీ చేసి ఇవ్వలేదు, అన్నీ లారీ ఎక్కించింది. ఎదురింటి అత్త మాత్రం నన్ను పక్కకి పిలిచి, తన పేరున్న ఒక చిన్న స్టీలు డబ్బా నా చేతిలో పెట్టింది. నిండా ఉసిరికాయ పచ్చడి. "ఇది మీ పెద్దమ్మకి కాదు, నీకు. ఒట్టిది తెచ్చినావంటే కాళ్ళిరగ్గొడతాను" అంది. అప్పటిదాకా నాకు ఎవరైనా పెట్టడమే గానీ, నేను తిరిగి ఏదైనా పెడతానని ఎదురుచూసినవాళ్ళు లేరు. బస్సులో చింతపల్లి దాటేదాకా ఆ డబ్బా ఒళ్ళోంచి తీయలేదు. ఆ మరుసటి డిసెంబరులో అందులో పాడేరు కాఫీపొడి నింపి పంపాను, నాకు వంట రాదు మరి. "డబ్బాకి కాఫీ వాసన మూణ్ణెల్లు పోనేదు" అని ఫోన్లో తిట్టి, కాఫీ వాసనేసే జంతికలు పంపింది.

అప్పట్నుంచీ ఆ డబ్బా ఏటా ఒకసారి కొండ దిగుతుంది, ఒకసారి ఎక్కుతుంది. అత్తావాళ్ళు కూడా రిటైరై పలాస వెళ్ళిపోయారు, అయినా బస్సు పార్సిల్లో దాని ప్రయాణం ఆగలేదు. పెద్దమ్మ కన్నుమూసిన ఏడాది అందులో ఏం పెట్టాలో తోచక ఒక బెల్లం ముక్క పెట్టి పంపాను. తిరిగి వచ్చిన డబ్బా మీద, తన పేరు కింద, కొత్తగా చుక్కలు కొట్టించిన నా పేరు ఉంది. ఒక వస్తువు మీద నెంబరు కాకుండా నా పేరు చూసుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. ఎంతసేపు తడుముకుంటూ కూర్చున్నానో నాకే తెలీదు.

మొన్న డిసెంబరు మొదట్లో పండగ లిస్టు రాయడానికి కూర్చుంటే మా అమ్మాయి వచ్చి పక్కన చేరింది. తొమ్మిదేళ్ళది, జబ్బు దానికీ వచ్చింది, స్కేలు లేకుండా గీత గీయదు. వంటింట్లో ఏవి మనవి, ఏవి ఇచ్చేయాల్సినవి అని రెండు గళ్ళు గీసి, అత్త డబ్బా తిప్పి తిప్పి చూసి, "అమ్మా, దీని మీద ఇద్దరి పేర్లున్నాయి. ఏ గడిలో రాయను?" అంది. నుదురు ముడేసుకుని పెన్ను పట్టుకున్న దాన్ని చూస్తే ఒంటిచక్రం బండి తోసుకుంటూ, ఇంటింటికీ ఆగి సంతకాలడుగుతూ, ఎంతో తృప్తిగా కాలనీ రోడ్డు మీద వెళ్తున్న ఆ పిచ్చి గుంట కళ్ళ ముందు కనపడి నవ్వాగలేదు. గడి ఖాళీగా వదిలేసినా ఫరవాలేదు, డబ్బా మాత్రం ఖాళీగా ఉండకూడదని చెప్పి, సున్నుండలకి మినుములు వేయించడానికి లేచాను.